పెద్దాడి పక్కన అమ్మ కుర్చీ

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి. ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూల్లో, ఇంగ్లీషు మీడియం. మావారు సెంట్రింగు పనుల కాంట్రాక్టు చేస్తారు. పొద్దున వెళితే రాత్రికి గాని రారు. పిల్లల చదువు మొత్తం నా మీదే. బాబు నర్సరీలో ఉన్నప్పటి నుంచి సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. నేను లేస్తే వాడు పెన్ను కింద పెట్టేస్తాడు. స్టవ్ మీద కూర మాడుతున్నా లేవడానికి లేదు. పాపకు నేనెప్పుడూ కూర్చుని చెప్పింది లేదు. అన్నయ్యకు చెబుతుంటే కింద పడుకుని బొమ్మలు వేసుకుంటూ అక్షరాలు నేర్చేసుకుంది. ఇప్పుడు కూడా బడి నుంచి రాగానే దాని హోంవర్కు అదే చేసుకుని సంచి సర్దేసుకుంటుంది. తొలిచూలు పిల్లలు గారాబానికి మొద్దుబారతారు, రెండోవాళ్లే చురుకు అని మా అత్తగారు అంటారు. మా ఆడపడుచేమో మొదటి సంతానానికే తెలివి ఎక్కువని ఎక్కడో చదివానంటుంది. నిజంగా పుట్టిన వరసను బట్టి ఇలా ఉంటుందా? వాడు తనంతట తాను చదువుకోవాలంటే ఏం చేయాలి? ట్యూషన్‌లో వేస్తే మారతాడా? రేపు టెన్త్, ఇంటరు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: మీ ఉత్తరం చదవగానే నేను చేసిన మొదటి పని ఒక లెక్క. పాత లెక్కల టీచరు అలవాటు, ఏమీ అనుకోకండి. బాబు నర్సరీలో చేరి ఇప్పటికి తొమ్మిదేళ్లు దాటి ఉంటాయి. రోజుకు రెండున్నర గంటలు. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, వేసవి సెలవులు అన్నీ తీసేసి ఏడాదికి 200 రోజులే వేసుకుందాం. ఏడాదికి 500 గంటలు. తొమ్మిదేళ్లకు 4,500 గంటలు. అంతసేపు మీరు వాడి పక్కన కుర్చీలో ఉన్నారు. పాప పక్కన, మీరే రాసినట్టు, ఎప్పుడూ లేరు. ఇంత తేడా కళ్లెదుటే కనిపిస్తుంటే, ఎవరు ముందు పుట్టారు ఎవరు వెనక పుట్టారు అని మనం వరసను నిలదీస్తున్నాం.

తప్పుపట్టడానికి చెప్పడం లేదమ్మా. మొదటి బిడ్డ దగ్గర అందరం అలాగే ఉంటాం. మొదటిసారి పాలసీసాను మూడుసార్లు వేడినీళ్లలో మరిగిస్తాం. రెండో బిడ్డ నేల మీద పడిన బిస్కెట్టు ఏరుకు తింటున్నా చూసీ చూడనట్టు ఊరుకుంటాం. ఈలోగా భయం తగ్గుతుంది, తీరికా తగ్గుతుంది.

ఇక మీ ఇంట్లో వచ్చిన వాదన. పుట్టిన వరసకు మనవాళ్లు ఇచ్చే విలువ ఇంతా అంతా కాదు. ఇంటికి పెద్ద సంతానానికి జ్యేష్ఠ మాసంలో పెళ్లి చేయాలంటే ఇప్పటికీ జంకుతారు. పెద్దకొడుకు అనగానే తలకొరివి నుంచి తండ్రి అప్పుల దాకా అన్నీ వాడి నెత్తిన పెడతారు. కడగొట్టువాడు ఏం చేసినా ముద్దే. నడిమివాణ్ని పట్టించుకునే నాథుడుండడు. ఇది మన ఒక్కరి పిచ్చే అనుకోనక్కర్లేదు. వియన్నాలో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ అనే మానసిక వైద్యుడు వందేళ్ల కిందటే దీన్నొక సిద్ధాంతంగా చెప్పాడు. తమ్ముడో చెల్లెలో పుట్టగానే మొదటి బిడ్డ సింహాసనం పోయిన రాజులా అయిపోతాడట. రెండోవాడు ముందున్నవాణ్ని అందుకోవాలని పరుగెడుతూనే ఉంటాడట. ఆడ్లర్ గారు ఏడుగురు పిల్లల్లో రెండోవాడు. రెండోవాళ్లంటే ఆయనకు ఆ మాత్రం మక్కువ ఉండటంలో వింత లేదు. మీ అత్తగారి మాట వింటుంటే ఆవిడ వరస ఏమిటో కూడా అడగాలనిపిస్తోంది.

మీ ఆడపడుచు చదివింది బహుశా నార్వే సంగతి అయి ఉంటుంది. ఆ దేశంలో కుర్రాళ్లకు సైన్యంలో చేరే వయసులో తెలివి పరీక్ష పెడతారు. అలాంటి సుమారు 2,40,000 మంది ఫలితాలను 2007లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. మొదటి సంతానానికి రెండో సంతానం కంటే సగటున రెండు పాయింట్ల పైచిలుకు ఐక్యూ ఎక్కువ వచ్చింది. అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. పుట్టుకలో రెండోవాడై, అన్నో అక్కో పసితనంలోనే పోవడం వల్ల ఇంటికి పెద్దవాడిగా పెరిగిన పిల్లల్ని వాళ్లు విడిగా తీసి చూశారు. వాళ్లకు మొదటి సంతానంతో సమానంగా మార్కులు వచ్చాయి. అంటే ఆ కాస్త తేడా తల్లి కడుపులో వచ్చింది కాదు, ఇంట్లో ఏ స్థానంలో పెరిగారన్న దాన్ని బట్టి వచ్చింది.

ఆ తేడా అయినా ఎంత? రెండు పాయింట్లు. ఒకే పిల్లవాడికి అదే పరీక్ష ఈ నెలా వచ్చే నెలా పెడితే అంతకంటే ఎక్కువ తేడా రావచ్చు. లక్షల మంది సగటులో మాత్రమే కనిపించే సంగతి అది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి తెచ్చి వాళ్ల మీద అతికించడానికి పనికిరాదు. స్వభావం సంగతి ఇంకా తేలిపోయింది. 2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాల్లో 20,000 మందికి పైగా మనుషుల వివరాలు తీసి చూస్తే, కలుపుగోలుతనానికి గాని, నిబ్బరానికి గాని, పని బాధ్యతగా చేసుకునే గుణానికి గాని పుట్టిన వరసతో సంబంధం కనిపించలేదు. బాధ్యతగా పని చేసుకోవడం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మీరు బాబులో లేదని బాధపడుతున్నది అదే. దానికి తొలిచూలుతో లంకె లేదు.

మరి ఆ రెండు పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అమెరికాలో జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో సర్వే చేసి రాసిపెడతారు. ఆ లెక్కలు తిరగేసిన జోసెఫ్ ప్రైస్ అనే ఆర్థికవేత్త 2008లో ఒక మాట చెప్పాడు. ఒకే వయసులో ఉన్నప్పుడు పోల్చి చూస్తే, తల్లిదండ్రులు మొదటి బిడ్డతో గడిపే సమయం రెండో బిడ్డతో గడిపేదానికంటే రోజుకు 20 నుంచి 30 నిమిషాలు ఎక్కువ అని. మీ ఇంట్లో ఆ తేడా రెండున్నర గంటలు.

అయితే వాడే ముందుండాలి కదా అంటారు. నిజానికి వాడు వెనకబడ్డాడని మీరు రాయలేదు. మార్కులు తక్కువని ఒక్క ముక్క లేదు ఉత్తరంలో. మీ బాధ మార్కులు కాదు, మీరు లేస్తే వాడు ఆగిపోవడం. ఈ రెండూ వేరు వేరు. పక్కన మనిషి ఉంటే మార్కులు వస్తాయి. పక్కన మనిషి ఎప్పుడూ ఉంటే మాత్రం, మనిషి లేకుండా చదవడమెలాగో నేర్చుకునే సందు దొరకదు.

రేపు ఒక్క సాయంత్రం ఒక పని చేయండి. ఆ కుర్చీలో కూర్చుని మీరేమేం చేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. నా ఊహ చెప్పనా? డైరీ తీసి ఏం పని ఉందో చూసేది మీరు. ముందు సోషలా, లెక్కలా అని తేల్చేది మీరు. ప్రశ్న పైకి చదివేది మీరు. వాడు ఆగితే జవాబు ఏ పేజీలో ఉందో తిప్పి చూపేది మీరు. తప్పు రాయబోతుంటే రబ్బరు అందించేది మీరు. ఇక చాలు, అయిపోయింది అని చెప్పేదీ మీరే. సంచి సర్దేది ఎవరో నేను అడగను. ఇంక వాడికి మిగిలిందేమిటి? రాయడం. చేతిరాత వాడిది, చదువు మీది. మీరు లేవగానే పెన్ను కింద పెట్టడం బద్ధకం అనుకుంటున్నారు గాని, పని చేస్తున్న మనిషి లేచి వెళితే పని ఆగిపోవడం మామూలే కదా!

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. మా పెద్దబ్బాయికి పదో తరగతి దాకా నేనే పక్కన కూర్చున్నాను. క్లాసులో యాభై మందికి "మీ అంతట మీరు చేయండర్రా" అని చెప్పి, ఇంటికొచ్చి కొడుక్కి పెన్సిలు చెక్కి ఇచ్చేదాన్ని. తర్వాత రెండేళ్లు హాస్టల్లో స్టడీ అవర్స్. ఇంజినీరింగు మొదటి సంవత్సరంలో మూడు సబ్జెక్టులు పోయాయి. కోప్పడదామని ఫోన్ చేస్తే వాడన్న మాట ఇది: "అమ్మా, పుస్తకం తెరుస్తున్నాను. ఏ చాప్టరు ముందు చదవాలో తెలియట్లేదు." పద్దెనిమిదేళ్లవాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అప్పటిదాకా వాడికి ఎవరూ వదిలిపెట్టలేదు. ముందు నేను, తర్వాత హాస్టల్లో వెనక నిలబడ్డ లెక్చరరు.

కాబట్టి ట్యూషన్ మాటకు నా జవాబు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఏదో ఒక సబ్జెక్టులో, సాధారణంగా లెక్కల్లో, నిజంగా పునాది లేకపోతే ఆ ఒక్కదానికి కొన్నాళ్లు పంపండి. హోంవర్కు చేయించడానికి మాత్రం పంపకండి. డబ్బిచ్చి ఇంకో కుర్చీ కొనుక్కున్నట్టు అవుతుంది.

పద్ధతి చెప్పే ముందు ఒకటి తేల్చుకోవాలి. వాడు చేయడం లేదా, చేయలేకపోతున్నాడా? సైన్సు పుస్తకంలో ఒక పేరా ఇచ్చి పైకి చదవమనండి. తర్వాత పుస్తకం మూసి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. గడగడా చదివి ఏమీ చెప్పలేకపోతే, ఇన్నాళ్లూ మీరు ఆ కుర్చీలో చేసిన పనిలో సగం చదువు చెప్పడం కాదు, అనువాదం. మన ఇంగ్లీషు మీడియం ఇళ్లన్నిటిలో తల్లులు జీతం లేకుండా చేస్తున్న ఉద్యోగం ఇది. పిల్లవాడికి ప్రశ్నే అర్థం కాకపోతే తనంతట తాను ఎలా మొదలుపెడతాడు? ఆంధ్రాలో ప్రభుత్వ బడి పుస్తకాలు కొన్నేళ్లుగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు వేసి ఇస్తున్నారు. తెలిసినవాళ్ల పిల్లలెవరైనా ప్రభుత్వ బడిలో ఉంటే పాతవి అడిగి తెచ్చుకోండి. పాఠాలు అన్నీ ఒకటే కాకపోయినా, ఇంగ్లీషు పేజీ అర్థం కానప్పుడు తెలుగు పేజీ చూడటం అలవాటైతే మీ కుర్చీకి పని బాగా తగ్గుతుంది. అలాగే ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి. ఏ సబ్జెక్టులో అయినా అక్షరాలు కూడబలుక్కుంటున్నా, ఐదు నిమిషాలు కూడా నిలకడగా కూర్చోలేకపోతున్నాడని టీచర్లు కూడా అంటున్నా, పిల్లల డాక్టరుకు చూపించి సలహా తీసుకోండి. అప్పుడది అలవాటు సంగతి కాకపోవచ్చు.

ఇవేవీ లేవనుకుందాం. ముందు ఇంట్లో ఒక మాట వినపడకుండా చేయాలి. "మొద్దు", "అది చూడు ఎంత బుద్ధిగా చేసుకుంటోందో". మీ అత్తగారితో నెమ్మదిగా మీవారి చేత చెప్పించండి. పెద్దవాడికి చెల్లెలిని చూపించి పోల్చడం రోజూ ఇంత చింతపండు పులుసు పుండు మీద పోసినట్టు ఉంటుంది. మన మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి సంగతి తెలుసు కదా. ఎనిమిదో సంతానం కాబట్టి ఆ పేరు పెట్టారు. మద్రాసులో బడికి పంపితే ఏమీ రాదని పంతులు కొట్టి బయటికి పంపేవాడట. తమ్ముడు నిత్యానంద మాత్రం చురుకు. ఇంగ్లండు వెళ్లాక కూడా తమ్ముడు పరీక్షలు పాసవుతుంటే అన్న తప్పుతూనే ఉన్నాడు. ఆ తర్వాత జీవితమంతా నేర్చుకోవడం అంటే ఏమిటన్న దాని మీదే ప్రపంచం తిరిగి మాట్లాడాడు. మీ బాబు అంతటివాడవుతాడని కాదు నేను చెప్పేది. వాళ్లలో ఎవరు మందుడో బడి వేసిన అంచనా ఎంత దూరం నిలిచిందో చూడండని.

ఆయన పేరుతో ముడిపడిన ఋషివ్యాలీ బడి మదనపల్లె దగ్గరే ఉంది. అదేదో డబ్బున్నవాళ్ల బడి, మనకెందుకు అనుకోకండి. వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఏళ్లుగా చిన్న చిన్న బడులు నడుపుతున్నారు. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు, ఒక టీచరు. పాఠాలన్నీ చిన్న కార్డులుగా ముక్కలు చేసి ఉంటాయి. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని ఏ కార్డు తీయాలో పిల్లవాడే తీసుకుంటాడు. ఆ కార్డును బట్టి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. టీచరు దగ్గరుండి చెప్పే గుంపు ఒకటి, కాస్త చూసి వదిలేసే గుంపు ఒకటి, తోటిపిల్లలు సాయం చేసే గుంపు ఒకటి, ఎవరి సాయం లేకుండా చేసుకునే గుంపు ఒకటి. అదే పిల్లవాడు పొద్దున లెక్కలకు టీచరు దగ్గర కూర్చుని, మధ్యాహ్నం తెలుగుకు ఒంటరిగా కూర్చోవచ్చు. ఎవరూ వాణ్ని మొద్దు అనరు, చురుకు అనరు. ఈ పనికి ఎంత సాయం కావాలి అన్నదే ప్రశ్న.

మీ ఇంటికి ఇదే తెచ్చుకోండి. సాయంత్రం వాడు డైరీ తీశాక (మీరు కాదు, వాడే తీయాలి) పుస్తకాల్ని మంచం మీద మూడు కుప్పలు పెట్టమనండి. ఇది నేను చేసుకోగలను. ఇది మొదలుపెడతాను గాని మధ్యలో అడగాల్సి రావచ్చు. ఇది అమ్మ ఉంటే తప్ప కాదు. మొదటి రోజు అన్నీ మూడో కుప్పలోనే పడతాయి, రాసిపెట్టుకోండి. నవ్వకండి, కోప్పడకండి. "సరే, వీటిలో అన్నిటికంటే తేలిక ఏది?" అని అడిగి దాన్ని ఒక్కదాన్ని మొదటి కుప్పకు మార్చండి. చూచిరాతో, ఎక్కాలో, మ్యాపులో పేర్లు గుర్తించడమో ఏదో ఒకటి ఉంటుంది. అది చేస్తున్నంతసేపూ మీరు వంటింట్లో ఉండండి. రెండో వారానికి రెండు. ఏ రోజుకు ఏ కుప్ప ఎంత ఉందో వాడి చేతే గోడ క్యాలెండరు మీద గీతలు గీయిస్తే, పది పన్నెండు రోజుల్లో వాడికే ఆట ఎక్కుతుంది. కుప్పలు వేయడంలోనే సగం చదువుంది. నాకు ఏది వచ్చు, ఏది రాదు అని చూసుకోవడం మా అబ్బాయి పద్దెనిమిదేళ్లకు గాని మొదలుపెట్టలేదు.

కుర్చీని ఒక్కసారిగా తీసేయకండి. ఇది మీవారికి నాకంటే బాగా తెలుసు. స్లాబు పోసిన మర్నాడే సెంట్రింగు విప్పితే ఏమవుతుందో ఆయన్ని అడగండి. విప్పకుండా ఏడాది వదిలేస్తే ఆ ఇంట్లో ఎవరైనా కాపురం చేయగలరా అని కూడా అడగండి. రెండు మూడు వారాలు ఆగి, వరసగా ఒక్కో కర్రా తీస్తారు. మొదట మీ కుర్చీ వాడి పక్క నుంచి బల్లకు ఎదురుగా వెళ్లాలి. అక్కడ కూర్చుని మీ పని మీరు చేసుకోండి, బియ్యం ఏరుకోవడమో పూలు కట్టుకోవడమో. వాడి పుస్తకం తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి తప్పులు దిద్దాలన్న దురద మీకే తగ్గుతుంది. తర్వాత గుమ్మం దగ్గరికి. తర్వాత పక్క గదిలోకి, తలుపు తీసి ఉంచి. ఒక్కో చోట రెండు మూడు వారాలు పట్టినా పరవాలేదు.

మొదలైన కొత్తలో గొడవలు తప్పవు. "అమ్మా, ఇది రావట్లేదు" అని అరుస్తాడు. లేచి వెళ్లకండి. కూర్చున్న చోటు నుంచే అడగండి: "ఎంత దాకా వచ్చింది? పుస్తకంలో అలాంటి లెక్క చేసి చూపించారా? ఇంతకుముందు ఇలాంటిది ఎలా చేశావు?" ఈ మూడు ప్రశ్నలకూ వాడి దగ్గర జవాబు లేకపోతే అప్పుడు లేవండి. ఒకరోజు హోంవర్కు పూర్తి కాకుండానే బడికి వెళతాడు. వెళ్లనివ్వండి. ముందే క్లాస్ టీచరుకు చెప్పి ఉంచండి, "నెల రోజులు నేను పక్కన కూర్చోవడం మానుతున్నాను, వాడు అడ్డదిడ్డంగా రాసినా వాడి రాతే మీకు కనిపిస్తుంది" అని. మంచి టీచరైతే సంతోషిస్తుంది. ఇన్నాళ్లూ ఆవిడ దిద్దుతున్నది మీ హోంవర్కు. ఒక పరీక్షలో నాలుగు మార్కులు తగ్గవచ్చు. ఏడో తరగతిలో తగ్గితే పోయేదేమీ లేదు. ఇంకో నాలుగేళ్లకు తగ్గితే చాలా పోతుంది.

ఇదంతా మీకే ఎక్కువ కష్టం, వాడికి కాదు. తొమ్మిదేళ్లు చేసిన పని చేతుల్లోంచి తీసేస్తే ఏదో పోయినట్టుంటుంది. నేను రిటైరయ్యాక కూడా పక్కింటి పిల్లల పుస్తకాలు తొంగి చూసేదాన్ని.

కుర్చీ దూరం జరిగితే వాడికి మీరు అవసరం లేరని కాదు. పడుకునే ముందు పావుగంట వాడు మీకు పాఠం చెప్పాలి. మీరు విద్యార్థి. ఆ రోజు చదివిన దాంట్లోంచి ఒక్కటి, తెలుగులో, వాడి మాటల్లో. "అదేమిట్రా, నాకు అర్థం కాలేదు" అని నిజంగా అర్థం కాని చోట అడగండి, నటించకండి, పిల్లలు పట్టేస్తారు. చెప్పడంలో ఉన్న లాభం మనవాళ్లకు కొత్తది కాదు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ అనే ఇంగ్లీషు దొర తర్వాత బళ్ళారి కలెక్టరుగా పనిచేశాడు. అప్పుడది తెలుగు, కన్నడ కలిసిన సీమ. 1823లో అక్కడి వీధి బడుల మీద ప్రభుత్వానికి పంపిన నివేదికలో ఎన్నో లోపాలు ఎత్తి చూపాడు గాని, ఒక పద్ధతిని బాగా మెచ్చుకున్నాడు. ముందున్న పిల్లల చేత వెనకున్న పిల్లలకు చెప్పించడం, దాంతో చెప్పేవాడి చదువు గట్టిపడటం. ఇంగ్లండులో కూడా దాన్ని అనుకరిస్తున్నారని, అది సబబే అని రాశాడు. కాకపోతే బాబు చేత పాపకు చెప్పించే పని ఇప్పుడే పెట్టకండి. పాప ముందే నేర్చేసుకుని ఉంటే వాడి పరువు పోతుంది. ముందు మీకు చెప్పనివ్వండి.

ఇక పాప సంగతి. మీరు దాని గురించి ఏమీ అడగలేదు. నాకు కాస్త దిగులు దాని మీదే.

గ్వాటెమాలాలో మాయా తెగ పిల్లలతో, అమెరికాలోని పిల్లలతో 2009లో ఒక పరిశోధన అచ్చయింది. అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరికి బొమ్మ తయారు చేయడం నేర్పుతారు. రెండోవాళ్లను కాసేపు ఆగమంటారు, వాళ్లకేమీ నేర్పరు. వారం తర్వాత ఆ ఆగినవాళ్లకు అదే బొమ్మ చేయమని ఇస్తారు. బడి చదువులు పెద్దగా లేని మాయా ఇళ్ల పిల్లలు, తమకు కాదని తెలిసినా పక్కవాళ్లకు చెబుతున్నదాన్ని కళ్లప్పగించి చూశారు. వారం తర్వాత అమెరికా పిల్లలకంటే వాళ్లకు సాయం తక్కువ పట్టింది. మీ పాప కింద పడుకుని బొమ్మలు వేసుకుంటూ చేసింది సరిగ్గా అదే. మీరు బాబుకు ధారపోశామనుకుంటున్న 4,500 గంటల్లో పాప పుట్టాక గడిచినవి, కాస్తో కూస్తో దాని చెవిన పడుతూనే ఉన్నాయి. అది తనంతట తాను నేర్చుకోలేదు. మీరు చెబుతుంటే నేర్చుకుంది. ఎదురుగా కూర్చోనందువల్ల మీకు తెలియలేదు, అంతే.

నన్నూ చిన్నప్పుడు ఊళ్లో "ఆ పిల్ల ఎవరూ చెప్పకుండా చదువుకుంది" అనేవారు. నలుగురిలో నేను మూడోదాన్ని. నా పుస్తకాలకు అట్టలు వేసింది మా అక్క. రాత్రి లాంతరు దగ్గర ఎక్కాలు అప్పజెప్పించుకుంది మా అక్క. తన పాత పుస్తకాల్లో జవాబుల కింద గీతలు గీసి ఉంచితే వాటినే నేను చదివాను. అక్క పదో తరగతితో ఆగిపోయింది. అమ్మకు వంటింట్లో ఒక చెయ్యి కావాల్సి వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఆ మెచ్చుకోలు నాకే వచ్చింది.

అందుకని పాపను "దానికి ఎవరి అవసరం లేదు" అనకండి. అలా పేరుపడ్డ పిల్లలు అర్థం కానప్పుడు అడగడం మానేస్తారు. అడిగితే ఆ పేరు పోతుందేమోనని. మూడో తరగతిలో చెవిన పడ్డ మాటలతో నెట్టుకురావచ్చు. భిన్నాలు వచ్చేసరికి అవి చాలవు. హోంవర్కు పూర్తయిందంటే అర్థమైందని కాదు, నోటుబుక్కు నిండిందని. నోట్సు ఎవరిది చూసి రాసిందో, తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం ఎందుకో దానికి తెలుసో లేదో మీకు తెలియదు. ఎందుకంటే ఆ సమయంలో మీరు వేరే కుర్చీలో ఉన్నారు.

బాబు దగ్గర మిగిలే రెండు గంటల్లోంచి పాపకు రోజూ పది నిమిషాలు చాలు. పాఠం చెప్పక్కర్లేదు. దాని పక్కన నేల మీద కూర్చుని "ఈ రోజు బడిలో నీకు అర్థం కానిది ఏమిటి?" అని అడగండి. మొదటి రెండు రోజులు "ఏమీ లేదు" అంటుంది. మూడో రోజు ఒకటి చెబుతుంది. ఈ రాత్రే మొదలుపెట్టండి. కూర మాత్రం ముందే దించేయండి.